ఏజెన్సీలో ఇల్లా? ముందు కాయితం చూపించమనండి!

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఆ రెండు పనుల్లో ఉన్న కష్టం తెలియజెప్పడానికి ఆ మాట చాలు. 'ఇల్లు కొని చూడు' అని మాత్రం ఎవరూ అనలేదు. కట్టిన ఇల్లు కొనుక్కోవడం ఆ రోజుల్లో ఇంత మామూలు కాదు మరి! ఇప్పుడు చేతిలో నాలుగు డబ్బులుంటే ఏదో ఒక గూడు కొనేసి అద్దె బాధ వదిలించుకుందామని చూడనివాళ్ళు లేరు. తప్పేమీ లేదు. అయితే మా దమ్మపేట లాంటి చోట ఇల్లు కొనడమంటే కట్టడం కన్నా, పెళ్లి చేయడం కన్నా పెద్ద పరీక్ష. ఆ సంగతి కొనే మగవాళ్ళకు సగం తెలుసు. డబ్బు తీసిచ్చే ఆడవాళ్ళకు అసలే తెలియదు. ఈ నాలుగు ముక్కలూ రాయడం అందుకే.

దమ్మపేట మండలం 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒక పక్క ఆంధ్రా సరిహద్దు, మరో పక్క అశ్వారావుపేట, ములకలపల్లి అడవులు. ఎటు చూసినా పామాయిల్ తోటలు, అప్పారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీ. ఉద్యోగాల మీదా, వ్యాపారం మీదా వచ్చినవాళ్ళు పదేళ్లుంటే చాలు, 'ఇక్కడే ఓ ఇల్లుంటే బాగుండు' అనుకుంటారు. అప్పుడు మొదలవుతుంది మధ్యవర్తుల రాకపోకలు.

వాళ్ళ మాట వినడానికి ఎంత బావుంటుందో! "రిజిస్ట్రేషన్ ఏమీ ఉండదమ్మా, ఇక్కడ అందరూ ఇంతే. వంద రూపాయల స్టాంపు కాయితం మీద రాసుకుని నోటరీ చేయిస్తాం. కరెంటు మీటరు మీ పేరుకు మారుతుంది. పంచాయతీలో ఇంటిపన్ను మీ పేరుతోనే కడతారు. ఇంకేం కావాలి? ఖమ్మంలో ఈ డబ్బుకు బాత్‌రూమంత జాగా కూడా రాదు." ఇంటాయన సరే అంటాడు. ఇల్లాలి మెళ్ళో గొలుసు బ్యాంకుకు వెళుతుంది. చిట్టీ ముందే పాడేస్తారు. చేతిలోకి ఒక మడతపెట్టిన కాయితం వస్తుంది.

ఆ కాయితానికి విలువెంత? నా మాట కటువుగా ఉంటుందేమో గానీ, చట్టం దృష్టిలో దానికి విలువ లేదు.

వన్ ఆఫ్ సెవెంటీ అంటే...

'వన్ ఆఫ్ సెవెంటీ' అన్న మాట ఈ ప్రాంతంలో పిల్లలకు కూడా తెలుసు. అందులో ఏముందంటే మాత్రం పెద్దలు కూడా తడబడతారు. దమ్మపేట మండలంలో ఎక్కువ భాగం రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కింద వచ్చే షెడ్యూల్డ్ ప్రాంతం. మనం ఏజెన్సీ అనేది దీన్నే. ఏయే గ్రామాలు దీని కిందికొస్తాయో 1950లోనే రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ప్రకటించారు. ఇక్కడ గిరిజనుల భూమి చేతులు మారకుండా 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. 1963 డిసెంబరులో దాన్ని తెలంగాణ ప్రాంతానికి వర్తింపజేశారు. 1970లో మరింత గట్టి సవరణ చేశారు. అది ఆ ఏడాది మొదటి రెగ్యులేషన్ కనుక '1 ఆఫ్ 70' అన్నారు. అదే జనం నోట్లో చట్టం పేరైపోయింది.

ఆ సవరణ చెప్పేది మూడు మాటల్లో చెబుతాను.

ఒకటి: ఏజెన్సీలో స్థిరాస్తిని ఎవరు అమ్మినా సరే, కొనేది గిరిజనులై ఉండాలి. లేదంటే గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘమై ఉండాలి. "అమ్మేవాళ్ళు కూడా గిరిజనులు కాదు కదా, మాకూ వాళ్ళకూ మధ్య వ్యవహారం కదా" అంటారు చాలామంది. కుదరదు. గిరిజనేతరులు గిరిజనేతరులకు అమ్మినా చెల్లదు. ఈ నిబంధన సరైనదేనని సుప్రీంకోర్టు 1988లో తీర్పు చెప్పింది.

రెండు: బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, తాకట్టు, లీజు, మార్పిడి అన్నీ దాని కిందికే వస్తాయి. స్థిరాస్తి అంటే పొలం ఒక్కటే కాదు, ఇల్లూ ఇంటిజాగా కూడా.

మూడు: ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న ఆస్తి ఏదైనా గిరిజనుల దగ్గర్నుంచి వచ్చినదేనని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకునే భారం అనుభవిస్తున్నవాళ్ళ మీదే. అంటే రేపు కేసు వస్తే, "మేం డబ్బిచ్చి కొన్నాం" అంటే సరిపోదు. మీకు అమ్మినవాళ్ళకు ఎలా వచ్చింది, వాళ్ళకు ముందున్నవాళ్ళకు ఎలా వచ్చింది అని వెనక్కి వెనక్కి చూపించుకుంటూ పోవాలి. చేతిలో ఉన్నది ఒక్క నోటరీ కాయితమైతే ఎక్కడి దాకా పోగలరు?

1978లో ఇంకో సవరణ వచ్చింది. దాంతో ఇలాంటి దస్తావేజుల రిజిస్ట్రేషన్‌కు అడ్డుకట్ట పడింది. చట్టాన్ని ఉల్లంఘించడం జైలుశిక్ష పడే నేరమైంది. అందుకే మధ్యవర్తి 'రిజిస్ట్రేషన్ ఉండదమ్మా' అంటాడు. ఏదో ఊరి ఆనవాయితీలా చెబుతాడు గానీ, చట్టం ఒప్పుకోదు కనుక ఉండదన్నది అసలు సంగతి.

కోపం చట్టం మీదనా?

ఇంత వరకూ చెప్పగానే కొందరు ఆడవాళ్ళు కూడా అంటుంటారు: "ఇదేం చట్టమమ్మా! మన డబ్బుతో మనం కొనుక్కోవడానికి లేదా?" అని. ఈ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఒప్పుకోను.

ఈ చుట్టుపక్కల కోయ గూడేల్లో పెద్ద ముసలమ్మలను కదిలించి చూడండి. సంతలో ఉప్పుకీ, బట్టకీ, పెళ్లి ఖర్చుకీ చేసిన అప్పు వడ్డీలు పెరిగి పెరిగి చివరికి చేనుకే ఎసరు పెట్టిన కథలు ఎన్ని చెబుతారో! వేలిముద్ర వేసిన కాయితంలో ఏముందో వాళ్ళకు తెలియదు. సొంత చేనులోనే కూలికి పోయిన ఆడవాళ్ళున్నారు. భూమి పోతే ముందు కూలికెళ్ళేది ఆడదే, పస్తుండేదీ ఆడదే. ఆ సంగతి మనకెవరూ చెప్పనక్కర్లేదు. చదవడం రాక వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్నది వాళ్ళు. చదువొచ్చి కూడా కాయితం చదవకుండా బంగారం పోగొట్టుకుంటున్నది మనం.

తరతరాలుగా ఇక్కడే ఉంటున్న గిరిజనేతర పేదలు, దళిత కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్ళ తాతలు కట్టిన ఇంటికి ఇవాళ కాయితం లేదు. అది నిజమైన బాధే. దానికి పరిష్కారం అసెంబ్లీలోనూ, కోర్టులోనూ అడగాలి. అంతేగాని, ఆ బాధను చూపించి కొత్తగా వచ్చినవాళ్ళకు స్టాంపు కాయితాల మీద ఇళ్ళు అంటగట్టడం ఎవరికీ మేలు చేయదు, మధ్యవర్తి కమీషనుకు తప్ప!

చెప్పుడు మాటలు - అసలు సంగతులు

ఇంటి బేరంలో మనకు చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

"నోటరీ చేయించాం": నోటరీ చూసేది సంతకం పెట్టింది ఫలానా మనిషేనా అని. ఆ మనిషికి అమ్మే హక్కుందని నోటరీ ముద్ర చెప్పదు.

"ఇంటిపన్ను రసీదుంది, మీటరుంది": పంచాయతీ ఇంటికి పన్ను వసూలు చేస్తుంది. కరెంటువాళ్ళు వాడుకున్న యూనిట్లకు బిల్లు వేస్తారు. ఎవరు ఉంటున్నారన్నదానికి అవి ఆధారాలు. ఎవరిది అన్నదానికి కావు.

"జీపీయే రాసిస్తాం": జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిగే అమ్మకం అమ్మకం కాదని సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011లోనే చెప్పేసింది. ఇది దేశమంతటికీ వర్తిస్తుంది. ఏజెన్సీలో అయితే ఇక అడగనే అక్కర్లేదు.

"సాదా బైనామాలు రేపు రెగ్యులర్ చేస్తారు": వ్యవసాయ భూముల సాదా బైనామాల గురించి ఆ మాట వింటూనే ఉంటాం. 1/70కి విరుద్ధంగా జరిగిన బదిలీకి అది వర్తించదు.

"ఒక కోయ ఆయన పేరు మీద పెడదాం, అనుభవం మీదే": ఇది అన్నిటికన్నా ప్రమాదం. గిరిజనుల పేరు అడ్డం పెట్టుకుని గిరిజనేతరుల కోసం చేసే బినామీ వ్యవహారాన్ని కూడా చట్టం పేరు పెట్టి మరీ నిషేధించింది. రేపు ఆ కాయితం మీద పేరున్న మనిషి కాలం చేస్తే ఇల్లు వాళ్ళ పిల్లలది. అప్పుడు మీరు ఏ కోర్టుకెళ్ళి ఏమని చెప్పుకుంటారు?

"పోడు పట్టా భూమి, గట్టి పట్టా": 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి లేదు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అమ్మకాలను కూడా 1977 చట్టం నిషేధించింది.

పసుపు కుంకుమ కింద ఇస్తే?

ఇది మన ఆడవాళ్ళకు మరీ ముఖ్యం. ఏజెన్సీలో ఆస్తి ఉన్న గిరిజనేతర తల్లిదండ్రులు కూతురి పెళ్లికి అరెకరమో, ఇంటిజాగానో పసుపు కుంకుమ కింద రాసిస్తారు. అది దానం. దానం కూడా బదిలీయే కనుక చెల్లదు. అత్తవారింట్లో 'మా కోడలికి ఇల్లిచ్చారు' అని చెప్పుకుంటారు. తీరా కష్టమొచ్చిన రోజున అది కాయితం ముక్క!

అయితే చట్టం ఒక దారి ఉంచింది. వీలునామా ద్వారా వచ్చేదీ, వారసత్వంగా వచ్చేదీ, కుటుంబంలో పంపకం ద్వారా వచ్చేదీ ఈ నిషేధం కిందికి రావు. కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కుందని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతా చేశారు. కనుక తల్లిదండ్రులు నిజంగా కూతురికి ఇవ్వాలనుకుంటే గిఫ్టు కాయితం బదులు వీలునామా రాసి రిజిస్టరు చేయించడమో, అన్నదమ్ములతో సమానంగా పంపకంలో వాటా చూపించడమో చేయాలి. అసలు తల్లిదండ్రుల హక్కే సరైనది కాకపోతే మాత్రం వీలునామా దాన్ని సరిచేయలేదు సుమా!

కోయ అక్కచెల్లెళ్ళకు

కొనేవాళ్ళకే కాదు, అమ్మేవాళ్ళకూ చెప్పాలి. అవసరానికి అమ్ముకోవాల్సి వస్తే ఇంకో గిరిజన కుటుంబానికే, రిజిస్టరు కాయితం మీద అమ్మండి. "పేరు నీది, డబ్బు మాది" అని వచ్చేవాళ్ళకు పేరు ఇవ్వకండి. ఇవాళ వాళ్ళిచ్చే పదివేలు ఖర్చయిపోతాయి, కేసులో పేరు మాత్రం మీదే ఉంటుంది.

పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేర్లతో ఉండాలని అటవీ హక్కుల చట్టమే చెబుతోంది. మీ పట్టా తీసి చూసుకోండి. మీ పేరు లేకపోతే అడగండి. గిరిజనులకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు కనుక ఆడపిల్లకు వాటా లేదని కొందరు కులపెద్దలు అంటుంటారు. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు మహిళ వారసుల కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఏమందో వాళ్ళకు చెప్పండి. ఆడవాళ్ళకు వాటా ఉండదనే ఆచారం ఉన్నట్టు రుజువు కానప్పుడు, ఆడది అన్న కారణంతో వాటా లేదనడం సమానత్వానికి విరుద్ధమని తేల్చి, తాత ఆస్తిలో వాళ్ళకు సమాన వాటా ఇచ్చింది.

ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని 2024 మార్చి 11న మన భద్రాచలంలోనే ప్రారంభించారు. పక్కనున్న చండ్రుగొండ మండలం బెండాలపాడులో 2025 సెప్టెంబరులో గృహప్రవేశాలు కూడా జరిగాయి. అయిదు లక్షల సాయం నాలుగు విడతల్లో, ఇంటి ఇల్లాలి పేరు మీద వస్తుంది. ఈ ఇల్లు మన పేరు మీద ఉండే ఆస్తి. దాన్ని కూడా ఎవరో అడిగారని స్టాంపు కాయితం మీద రాసివ్వకండి.

మరి ఇల్లు కావాలంటే...

గిరిజనేతరులైతే ఏజెన్సీలో అద్దె ఇంట్లోనే సర్దుకుని, ఆ డబ్బుతో షెడ్యూల్డ్ ప్రాంతం కాని చోట జాగా కొనుక్కోవడం మేలు. 'ఊరికి దూరమవుతుంది కదా' అంటారు. దూరమైనా మనది మనకుంటుంది. ఎక్కడ కొన్నా కింది సంగతులు ఇల్లాలు స్వయంగా చూడాలి.

- ముందుగా ఆ గ్రామం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందా లేదా తహశీల్దారు ఆఫీసులో అడగండి. పక్కపక్క ఊళ్ళలోనే ఒకటి లోపల, ఒకటి బయట ఉండవచ్చు. మండలం పేరు చూసి నిర్ణయించుకోకండి.

- అమ్మేవాళ్ళ దస్తావేజు ఒక్కటే కాదు, అంతకుముందు అది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే లింకు డాక్యుమెంట్లు అన్నీ అడగండి. జిరాక్సులు చూసి బయానా ఇవ్వకండి, ఒరిజినల్స్ చూడండి. బ్యాంకులో ఉన్నాయంటే ఆ బ్యాంకుకే వెళ్ళండి.

- కనీసం ముప్ఫై ఏళ్ళకు ఇసి తీయించండి. అందులో తాకట్లు, పాత అమ్మకాలు తెలుస్తాయి. అయితే ఏజెన్సీలో రిజిస్ట్రేషనే జరగదు కాబట్టి ఇసి ఖాళీగా వచ్చినంత మాత్రాన సంబరపడకూడదు.

- సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. వ్యవసాయ భూమి రికార్డు 2025 ఏప్రిల్ నుంచి ధరణి బదులు భూభారతిలో ఉంది.

- ప్లాటైతే లేఅవుటుకు అనుమతి ఉందా, అపార్ట్‌మెంటో పెద్ద వెంచరో అయితే రెరా నంబరుందా అడగండి.

- డబ్బు చేతికివ్వకుండా బ్యాంకు ద్వారా ఇవ్వండి. మీ బంగారం, మీ చిట్టీ డబ్బు పెడుతుంటే దస్తావేజులో మీ పేరు కూడా ఉండాలని అడగండి. అడగడానికి మొహమాటమేమిటి?

ఇప్పటికే కొనేసినవాళ్ళు

భయపడి కాయితాలు చింపేయకండి. ఉన్నవన్నీ, పన్ను రసీదులతో సహా, ఒక ఫైల్లో పెట్టండి. ఆ ఇంటి మీద ఇంకో అంతస్తు వేయడం, ఇంకా అప్పు తేవడం ఆపండి. తెలియనివాళ్ళకు తిరిగి అంటగట్టే ఆలోచన చేయకండి. అది మనలాంటి ఇంకో ఇల్లాలి మెడకు చుట్టుకుంటుంది. నోటీసు వస్తే 'చూద్దాంలే' అని ఊరుకోకుండా ఇచ్చిన తేదీకి హాజరు కండి. 1963కు ముందు నుంచే కుటుంబం చేతిలో ఉన్న ఆస్తయితే ఆనాటి పహాణీలు, శిస్తు రసీదులు, పాత దస్తావేజులు వెతికి పెట్టుకోండి. అవే మీకు దన్ను. సరైన హక్కుండి అమ్ముకుందామంటే గిరిజన కొనుగోలుదారు దొరకనివాళ్ళు ప్రభుత్వ ఏజెంటుగా ఉండే కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరిహారం ఇచ్చి ప్రభుత్వం తీసుకునే ఏర్పాటు ఈ చట్టంలోనే ఉంది.

లాయరుకు డబ్బులెక్కడివి అంటారా? 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్ళకూ, గిరిజనులకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయసాయం ఇవ్వాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు.

బోర్డు పెడితే ఏం పోతుంది?

చివరగా అధికారులకు ఒక మాట. పంచాయతీ పన్ను తీసుకుంటుంది, కరెంటు మీటరు వస్తుంది, రోడ్డూ వస్తుంది. ఇన్ని వచ్చే చోట 'ఇక్కడ గిరిజనేతరులు ఇల్లు కొంటే చెల్లదు' అన్న ఒక్క ముక్క మాత్రం ఎక్కడా కనిపించదు! ప్రతి గ్రామ పంచాయతీ ఆఫీసు గోడ మీదా 'ఇది షెడ్యూల్డ్ గ్రామం' అని రాసి, కింద నాలుగు నిబంధనలు తెలుగులో పెడితే ఎంత ఖర్చవుతుంది? మహిళా సంఘాల నెలవారీ సమావేశంలో అప్పు కిస్తీల లెక్కతో పాటు ఈ చట్టం గురించి ఒక పావుగంట చదివితే ఎన్ని పుస్తెలతాళ్ళు తాకట్టుకు పోకుండా ఆగుతాయి!

బోర్డులు వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. పెళ్లయితే ఇంటిపేరు మార్చుకోవడం మనకు ఎప్పుడో అలవాటు చేశారు. ఇంటి కాయితం చదువుకోవడం మాత్రం మనమే అలవాటు చేసుకోవాలి. బేరం ముందు గదిలో జరుగుతుంటే వంటింట్లోంచి కాఫీలు పంపించడంతో మన పని అయిపోలేదు. మనం కూడా వెళ్ళి కూర్చుందాం. "ఏదీ అన్నగారూ, ఆ కాయితం ఒకసారి ఇలా ఇవ్వండి, చదువుతాను" అందాం. ఇవ్వడానికి తటపటాయించారంటే ఆ ఇల్లు మనకొద్దు!